తీరం కాచిన కౌంటీ డివిజన్లు

1940 జూన్ 4 నాటికి డంకర్క్ నుంచి 3,38,000 మందికి పైగా సైనికులు ఇంగ్లండు చేరుకోగలిగారు గాని, వారి ఫిరంగులలోను, వాహనాలలోను అధికభాగం ఫ్రాన్సులోనే ఉండిపోయింది. జనబలానికీ ఆయుధసంపత్తికీ నడుమ ఏర్పడిన ఈ వైషమ్యమే తదనంతర బ్రిటిష్ స్వదేశరక్షణ వ్యూహాన్ని చాలావరకు శాసించింది. ఫిరంగిదళాల కన్నా పదాతిదళాలను స్వల్పకాలంలో, స్వల్పసామగ్రితో సమకూర్చడం సులభం కనుక, ఆ వేసవిలో వందకు పైగా నూతన పదాతి బెటాలియన్లు వెలిశాయి.

హిట్లర్ సెప్టెంబరు 17న బ్రిటన్‌పై దండయాత్రను నిరవధికంగా వాయిదా వేసినా, 1941 వసంతంలో ఆ ముప్పు మళ్లీ తలెత్తుతుందన్న శంక లండన్‌ను వీడలేదు. తీరరేఖపైనా, దాని వెనుక స్థిరమైన అడ్డుగోడలపైనా ఆధారపడిన, తొలి స్వదేశరక్షణ సేనాధిపతి ఐరన్‌సైడ్ ప్రణాళికను ఆయుధలేమి కొంతవరకు సమర్థిస్తుంది. శత్రువు దిగిన చోటికి వేగంగా కదిలి ఎదురుదెబ్బ తీయగల సేన కావాలన్న, ఆయన స్థానంలోకి వచ్చిన అలన్ బ్రూక్ అభిమతం యుద్ధధర్మానికి మరింత సన్నిహితం. అయితే సుశిక్షిత డివిజన్లను వెనక్కి పిలవాలంటే, వాటి స్థానంలో తీరాన్ని ఎవరో ఒకరు కాయాలి.

ఆ అవసరం నుంచే, నూతన బెటాలియన్లతో కూర్చిన బ్రిగేడ్లను ఒక్కతాటిపైకి తెచ్చి, 1940 నవంబరు మొదలు కౌంటీ డివిజన్లను నెలకొల్పారు. నార్ఫక్, లింకన్‌షైర్, డోర్సెట్, ఎసెక్స్ వంటి పేర్లే వాటి పరిధిని చాటుతాయి. ఒక్కొక్కదానిలో సుమారు 10,000 మంది ఉన్నా, సొంత ఫిరంగిబలం అత్యల్పం. కదలడానికి వాహనాలు కరవు. శత్రువు నిజంగా దిగి ఉంటే అవి దీర్ఘకాలం నిలువరించగలిగేవని చెప్పడం సాహసం. కాని వాటి కర్తవ్యం విజయం కాదు, వ్యవధి.

1941 జూన్ 22న జర్మనీ సోవియట్ యూనియన్‌పై దండెత్తడంతో తక్షణ ప్రమాదం సన్నగిల్లింది. అదే కాలంలో సైన్యానికి పదాతుల కన్నా టాంకుదళాలు, విమానవిధ్వంసక ఫిరంగిదళాలు అత్యవసరమయ్యాయి. అనేక బెటాలియన్లు ఆ రూపాలలోకి మారిపోయాయి. నార్ఫక్ డివిజన్ 76వ పదాతి డివిజన్‌గా, డెవన్-కార్న్‌వాల్ డివిజన్ 77వదిగా కొనసాగాయి. తక్కినవి చాలావరకు రద్దయ్యాయి.

రణరంగంలో పరీక్షకు లోనుకాని సేనను పరాక్రమంతో తూచలేం. దానివల్ల ఇతరులకు దక్కిన అవకాశమే ఇక్కడ సరైన కొలత. ఆ లెక్కన, తీరాన నిలిచిన ఈ పదాతులు తమ వెనుక శిక్షణ పొందుతున్న సేనకు కొన్ని నెలల వెసులుబాటు సంపాదించిపెట్టారు. వారిని నియమించింది అందుకే.