వాక్యూమ్ క్లీనర్ సౌండ్ వస్తోంది.. దుమ్ము మాత్రం లాగట్లేదా? షాపుకు తీసుకెళ్లే ముందు ఇవి చెక్ చేయండి

మోటార్ గట్టిగానే తిరుగుతోంది. కానీ ఒకే చోట నాలుగుసార్లు తోసినా దుమ్ము కదలట్లేదు. పండక్కి ఇల్లు దులిపేటప్పుడు చాలామందికి ఎదురయ్యే సమస్యే ఇది. ఇలాంటప్పుడు మోటార్ పోయిందనే అనుకుంటాం. చాలాసార్లు అడ్డు పడేది గాలి దారే.

నిలువుగా నిలబెట్టి తోసే అప్‌రైట్ మోడల్ అయినా, పైపుతో లాగే రకమైనా సూత్రం ఒక్కటే. లోపలి ఫ్యాన్ గాలిని లాగుతుంది, ఆ గాలితో దుమ్ము వస్తుంది. దారి మూసుకుంటే సక్షన్ పడిపోతుంది. ముందుగా స్విచ్ ఆపి, ప్లగ్ తీసేయండి.

1. డబ్బా, బ్యాగ్
మ్యాక్స్ గీత దాటకముందే డబ్బా ఖాళీ చేయాలి. ముగ్గు పిండి, సిమెంట్ పొడి లాంటివి లాగితే బ్యాగ్ నిండకపోయినా దాని రంధ్రాలు మూసుకుపోతాయి.

2. ఫిల్టర్
ఎక్కువ సందర్భాల్లో అసలు కారణం ఇదే. స్పాంజ్ ఫిల్టర్‌ను మామూలు నీళ్లతో కడిగి, నీడలో కనీసం 24 గంటలు ఆరబెట్టండి. బారువ, కళింగపట్నం, భోగాపురం లాంటి తీర ప్రాంతాల్లో వానాకాలం తేమకు ఇంకో రోజు పట్టొచ్చు. తడిగా పెడితే దుమ్ము బురదై అతుక్కుంటుంది, తేమ మోటార్‌కూ చేటు. హెపా ఫిల్టర్‌పై కడగొచ్చని రాసి ఉంటేనే కడగాలి. ఫిల్టర్ తీసేసి మాత్రం నడపొద్దు. సక్షన్ పెరిగినట్టే ఉంటుంది, కానీ దుమ్ము నేరుగా మోటార్‌లోకి వెళ్తుంది.

3. అరచేతి టెస్ట్
ఫిల్టర్ పెట్టాక మెషిన్ ఆన్ చేసి పైపు చివర అరచెయ్యి పెట్టండి. లాగట్లేదా? ఆపి, పైపు ఊడదీసి, మెషిన్ మూతి దగ్గర చూడండి. అక్కడ గట్టిగా లాగితే పైపులోనే ఏదో ఇరుక్కున్నట్టు. పైపులో ఒక నాణెం వేసి చూడండి. అవతలికి రాకపోతే మొద్దుగా ఉన్న కర్రతో మెల్లగా తొయ్యండి. మెషిన్ దగ్గర కూడా లాగకపోతే డబ్బా చుట్టూ ఉన్న రబ్బరు చూడండి. చీలినా, సరిగ్గా కూర్చోకపోయినా గాలి పక్కనుంచి పోతుంది.

4. బ్రష్, బెల్ట్
ప్లగ్ తీశాకే మెషిన్ తిరగేయండి. బ్రష్‌కు చుట్టుకున్న జుట్టు, దారాలు, ఉద్దానం ఇళ్లలోనైతే కొబ్బరి పీచు కత్తెరతో కోసి తీయండి. సక్షన్ బాగానే ఉండి బ్రష్ తిరగకపోతే బెల్ట్ తెగి ఉండొచ్చు. టైల్స్ మీద ఇసుక చిమ్మేస్తుంటే బ్రష్ ఆఫ్ చేసి వాడండి.

5. కరెంట్
లో వోల్టేజీ ఉంటే మోటార్ స్పీడు తగ్గి సక్షన్ కూడా తగ్గుతుంది. సాయంత్రం మాత్రమే సమస్య వస్తే ఓసారి పగలు నడిపి చూడండి. మధ్యలో దానంతటదే ఆగిపోతే వేడెక్కి ఉండొచ్చు. ప్లగ్ తీసి గంట వదిలేయండి.

అమెరికా నుంచి తెచ్చారా?
పిల్లలు అక్కడి నుంచి తెచ్చిన మెషిన్ అయితే ముందు వెనకున్న లేబుల్ చూడండి. అక్కడ 120 వోల్టులు, మన దగ్గర 230. పిన్ మార్చే అడాప్టర్ వోల్టేజీని తగ్గించదు. నేరుగా పెడితే మోటార్ కాలిపోతుంది. మెషిన్ వాట్స్ కంటే ఎక్కువ సామర్థ్యం ఉన్న స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి.

ఇక ఆపేయాల్సింది ఎప్పుడు?
కాలిన వాసన, నిప్పు రవ్వలు, షాక్ కొట్టడం.. వీటిలో ఏది కనిపించినా సొంత రిపేర్ వద్దు. వెంటనే మెయిన్ ఆపి మెకానిక్‌ను పిలవండి. పొడి దుమ్ముకు చేసిన మెషిన్‌తో నీళ్లు, వేడి బూడిద లాగొద్దు. పైవన్నీ చూశాక కూడా లాగకపోతే అప్పుడు షాపుకు వెళ్లండి. ఏమేం చెక్ చేశారో చెబితే అనవసరపు ఖర్చు తగ్గుతుంది.