తెరమీది ఆటకు తీర్పరి ఎవరు?
ఆన్‌లైన్ వీడియో గేమ్ పోటీలలో నియమాలు, శిక్షల చరిత్ర



మీ కళాశాల మైదానంలో కబడ్డీ పోటీ జరుగుతున్నదనుకోండి. కూతకు వెళ్ళినవాడు మధ్యలో కూత ఆపితే అందరికీ తెలిసిపోతుంది. గీత దాటితే రిఫరీ కంట పడుతుంది. చుట్టూ వందమంది నిలబడి చూస్తున్నచోట తప్పు దాగదు.

ఇప్పుడు మరో పోటీని ఊహించండి. ఒక ఆటగాడు విజయవాడలో తన గదిలో ఉన్నాడు. ప్రత్యర్థి గువాహటిలో ఉన్నాడు. ఆట నడిపే సర్వర్ ముంబయిలోనో, సింగపూర్‌లోనో ఉంది. తెరమీది బొమ్మను కదుపుతున్నది నిజంగా ఆ ఆటగాడేనా? అతని కంప్యూటర్‌లో మరేదైనా ప్రోగ్రాం నడుస్తున్నదా? మధ్యలో కరెంటు పోతే అది ఓటమి కిందికి వస్తుందా, రాదా? తప్పు చేసినవాడిని ఎంతకాలం బయట ఉంచాలి? అసలు ఆ మాట చెప్పే అధికారం ఎవరిది?

ఈ ప్రశ్నలకు ఎవరూ ఒకనాడు కూర్చుని సమాధానాలు రాయలేదు. ఒక్కొక్క మోసం బయటపడినప్పుడల్లా ఒక్కొక్క నియమం పుట్టింది. ఆ క్రమాన్ని ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఒకే గదిలో ఆట

1972 అక్టోబరు 19న అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు కృత్రిమ మేధ ప్రయోగశాలలో కొందరు విద్యార్థులు, పరిశోధకులు 'స్పేస్‌వార్' అనే ఆటలో పోటీపడ్డారు. గెలిచినవారికి బహుమతి 'రోలింగ్ స్టోన్' పత్రికకు ఒక ఏడాది చందా. చరిత్రకు తెలిసిన తొలి వీడియో గేమ్ పోటీలలో ఇది ఒకటి. పోటీదారులందరూ ఒకరికొకరు తెలిసినవారే, ఒకే గదిలో ఉన్నవారే. కాబట్టి నియమావళి అవసరం వారికి కలగలేదు.

1980లో అటారీ సంస్థ నిర్వహించిన 'స్పేస్ ఇన్వేడర్స్' పోటీలో 10,000 మందికి పైగా పాల్గొన్నారు. ఆ దశాబ్దం ఆరంభంలోనే అమెరికాలోని అయోవా రాష్ట్రంలో వాల్టర్ డే అనే ఆయన 'ట్విన్ గెలాక్సీస్' అనే సంస్థ ద్వారా అత్యధిక స్కోర్ల పట్టికను నిర్వహించడం మొదలుపెట్టాడు. ఎక్కడో ఆడిన ఆటకు మరెక్కడో గుర్తింపు ఇవ్వడమనే సమస్య అక్కడే మొదలైందని చెప్పవచ్చు.

ఆ పట్టికలోని ఒక రికార్డు కథ వినండి. 'డ్రాగ్‌స్టర్' అనే కారు పందెం ఆటను 5.51 సెకన్లలో ముగించినట్లు 1982 నాటి ఒక రికార్డు ఉండేది. దశాబ్దాలపాటు దానిని ఎవరూ అందుకోలేకపోయారు. చివరికి ఆ ఆట ప్రోగ్రాంనే విడదీసి లెక్కవేసినవారు, అది ఎంత వేగంగా ఆడినా 5.57 సెకన్లకంటే తక్కువలో ముగియదని చూపారు. 2018 జనవరిలో ట్విన్ గెలాక్సీస్ ఆ రికార్డును కొట్టివేసి, దాని యజమానిని నిషేధించింది. ముప్పై అయిదేళ్ళపాటు నిలిచినది ఒక మాటే తప్ప సాక్ష్యం కాదు. మనిషి మీది నమ్మకం నియమానికి ప్రత్యామ్నాయం కాలేదన్నది ఈ చరిత్రలో మొదటి పాఠం.

ఆట వృత్తిగా మారినప్పుడు

రెండవ దశకు రంగస్థలం దక్షిణ కొరియా. 1997 నాటి ఆర్థిక సంక్షోభం తరువాత ఆ దేశంలో బ్రాడ్‌బ్యాండ్ ఇంటర్నెట్ వేగంగా విస్తరించింది. అక్కడి వీధివీధినా వెలసిన గేమింగ్ కేంద్రాలలో 1998లో వచ్చిన 'స్టార్‌క్రాఫ్ట్' ఆట యువకులను పట్టుకున్నది. టెలివిజన్‌లో దాని కోసమే ప్రత్యేక చానళ్ళు నడిచాయి. ఆటగాళ్ళకు జీతాలు, అభిమాన సంఘాలు వచ్చాయి. 2000లో కొరియా ఈ-స్పోర్ట్స్ సంఘం ఏర్పడి పోటీల నియమాలు రాసే బాధ్యత తీసుకున్నది.

జీతం ఉన్నచోటికి పందెం కూడా వచ్చింది. 2010లో కొందరు ఆటగాళ్ళు అక్రమ పందెపురాయుళ్ళ దగ్గర డబ్బు తీసుకుని కావాలని ఓడిపోయారని బయటపడింది. సంఘం 11 మందిని జీవితకాలం నిషేధించింది. వారిలో 'సేవియర్' అనే ఆటపేరుతో దేశమంతటికీ తెలిసిన మా జే-యూన్ కూడా ఉన్నాడు. వ్యవహారం క్రీడా సంఘంతో ఆగలేదు. న్యాయస్థానం అతనికి ఏడాది జైలుశిక్ష విధించి, దాని అమలును రెండేళ్ళు నిలిపి ఉంచింది. తెరమీది ఆటలో జరిగిన మోసం శిక్షాస్మృతి కిందికి వచ్చిన ముఖ్య సందర్భమిది. ఇంత జరిగినా కథ ముగియలేదు. 2016లో 'స్టార్‌క్రాఫ్ట్ 2' ప్రపంచ విజేత ఒకరు ఇదే నేరానికి పట్టుబడి, జీవితకాల నిషేధానికి గురయ్యాడు. శిక్ష ఎంత కఠినమైనా అదొక్కటే మోసాన్ని ఆపలేదని దీనినిబట్టి గ్రహించాలి.

యంత్రం చెప్పిన తీర్పు

కొరియా పోటీలు స్టూడియోలో, ప్రేక్షకుల ఎదుట జరిగేవి. ఇంటర్నెట్ మీద లక్షలమంది ఆడే ఆటలకు రిఫరీలను ఎక్కడి నుంచి తెస్తారు? అందుకే ఆటలు తయారుచేసే సంస్థలు రిఫరీ పనిని యంత్రానికే అప్పగించాయి. 'కౌంటర్ స్ట్రైక్' ఆట యజమాని అయిన వాల్వ్ సంస్థ 2002లో ఇటువంటి పహరా ప్రోగ్రాంను ప్రవేశపెట్టింది. ఆటగాడి కంప్యూటర్‌లో తెలిసిన మోసపు ప్రోగ్రాం ఏదైనా నడుస్తుంటే అది గుర్తిస్తుంది. ఇందులో ఒక ఉపాయం ఉంది. పట్టుకున్న వెంటనే శిక్షించదు. కొంతకాలం ఆగి అందరినీ ఒకేసారి నిషేధిస్తుంది. వెంటనే శిక్షిస్తే ఏ గుర్తును బట్టి పట్టుబడ్డామో మోసపు ప్రోగ్రాం తయారుచేసినవాడు తెలుసుకుని, దానిని మార్చేస్తాడు కదా!

అయితే యంత్రం కూడా పొరపాటు పడుతుంది. 2010 జూలైలో ఇదే వ్యవస్థ సుమారు 12,000 మంది నిర్దోషులను నిషేధించింది. సంస్థ తప్పు ఒప్పుకుని, నిషేధాలు ఎత్తివేసి, నష్టపరిహారంగా వారికి ఒక ఆటను ఉచితంగా ఇచ్చింది. ఒక్కసారి ఆలోచించండి. ఆ 12,000 మందిలో ఒక్కడే పొరపాటుకు గురై ఉంటే అతని మొర ఎవరైనా వినేవారా? మొరపెట్టుకునే దారి లేని శిక్ష ఎంత ప్రమాదకరమో ఈ సంఘటన చెబుతుంది.

నిరవధికం అంటే ఎంతకాలం?

2014 ఆగస్టులో అమెరికాలో ఐబైపవర్ అనే కౌంటర్ స్ట్రైక్ జట్టు ఒక ఆన్‌లైన్ మ్యాచ్‌లో కావాలని ఓడిపోయింది. పందెంలో గెలిచినవి నోట్లు కావు, ఆటలోని ఆయుధాలకు వేసే రంగురంగుల అలంకారాలు. కాని వాటికి మార్కెట్‌లో నిజమైన ధర ఉంది. 2015 జనవరిలో వాల్వ్ ఏడుగురిని 'నిరవధికంగా' నిషేధించింది. వారిలో ఒకరికి ఆ మ్యాచ్ నాటికి 18 ఏళ్ళు నిండలేదు. మరుసటి ఏడాది సంస్థ ఆ మాటకు అర్థం 'శాశ్వతం' అని తేల్చిచెప్పింది. ఇఎస్ఎల్ వంటి పోటీల నిర్వాహకులు మాత్రం 2017లో తమ పోటీలవరకు ఆ నిషేధాన్ని ఎత్తివేశారు. ఒకే తప్పు, ఒకే ఆటగాడు. ఒక వేదిక మీద తలుపు మూసి ఉంది, మరో వేదిక మీద తెరిచి ఉంది. ఆటకు యజమాని ఒకరు, పోటీకి నిర్వాహకుడు మరొకరు కావడమే దీనికి కారణం. ఫుట్‌బాల్‌కు యజమాని ఎవరూ లేరు. వీడియో గేమ్‌కు యజమాని ఉన్నాడు. మిగిలిన క్రీడలకూ దీనికీ ఉన్న మూలభేదం ఇదే.

ఈ గందరగోళాన్ని తగ్గించడానికే 2016లో ఇసిక్ అనే స్వతంత్ర సంస్థ ఏర్పడింది. ఏ తప్పుకు ఎంత శిక్ష అన్నది ముందే రాసి ఉంచడం, విచారణ జరపడం, అప్పీలు వినడం దాని పని. అందులో సభ్యులైన నిర్వాహకులందరి పోటీలలోనూ ఒకే తీర్పు చెల్లుతుంది.

షాంఘైలో మన జట్టు

ఈ సంస్థ ఇచ్చిన తీర్పులలో మనకు దగ్గరగా తగిలినది ఒకటి ఉంది. 2018 అక్టోబరులో చైనాలోని షాంఘై నగరంలో ఆసియా స్థాయి కౌంటర్ స్ట్రైక్ పోటీ జరిగింది. మన దేశం తరఫున ఆప్టిక్ ఇండియా జట్టు వెళ్ళింది. పెద్ద అమెరికన్ సంస్థ జీతాలిచ్చి నడిపిన జట్టు కనుక దానిమీద మన దేశపు ఆటగాళ్ళు ఎన్నో ఆశలు పెట్టుకున్నారు. వియత్నాం జట్టుతో ఆడుతుండగా 'ఫర్‌సేకెన్' అనే ఆటపేరు గల మన ఆటగాడి మీద నిర్వాహకులకు అనుమానం వచ్చింది. అతని కంప్యూటర్‌ను పరీక్షించబోతే అడ్డుకోబోయాడు. గురిని తనంతట తానే ప్రత్యర్థి మీదికి లాగే ప్రోగ్రాం ఒకటి అందులో దొరికింది. ఉత్తరాలు టైపు చేసుకునే మామూలు ప్రోగ్రాం అనిపించేలా దానికి 'వర్డ్' అని పేరు పెట్టి ఉంది.

జట్టును అక్కడికక్కడే పోటీ నుంచి తొలగించారు. ఆ సంస్థ జట్టునే రద్దుచేసింది. తరువాత ఇసిక్ ఆ ఆటగాడికి అయిదేళ్ళ నిషేధం విధించింది. మిగిలిన నలుగురి సంగతి చూడండి. తమకేమీ తెలియదని వారు చెప్పారు, వారిమీద ఏ నేరమూ మోపలేదు. అయినా ఒక్కరోజులో వారి ఉద్యోగాలు పోయాయి. భారతీయ ఆటగాళ్ళందరినీ అనుమానంతో చూసే పరిస్థితి కొంతకాలం నడిచింది. నియమపుస్తకంలో శిక్ష ఒక్కడికే రాసి ఉన్నా, దాని బరువు మోసినది అయిదుగురు.

శిక్షలో మెట్లు

2020లో మరో వ్యవహారం బయటపడింది. కౌంటర్ స్ట్రైక్‌లో కోచ్ తన జట్టు ఆటగాళ్ళు చూసేదే చూడాలి. కాని ఆటలోని ఒక లోపం వల్ల కొన్నిసార్లు కోచ్ దృష్టి మైదానంలో ఒకచోట నిలిచిపోయి, ప్రత్యర్థుల కదలికలు కూడా కనబడేవి. కొందరు దీనిని చెప్పకుండా వాడుకున్నారు. ఇసిక్ పాత మ్యాచ్‌ల రికార్డింగులను తిరగేసి, ఆ ఏడాది సెప్టెంబరులో 37 మంది కోచ్‌లకు శిక్షలు ప్రకటించింది.

ఆ శిక్షలు అందరికీ ఒకేలా లేవు. ఎన్ని మ్యాచ్‌లలో, ఎంతసేపు వాడుకున్నారన్నదాన్ని బట్టి కొందరికి నెలలు, కొందరికి మూడేళ్ళవరకు నిషేధం పడింది. తప్పును తామే ఒప్పుకున్నవారికి, విచారణకు సహకరించినవారికి తగ్గింపు ఇచ్చారు. పదేళ్ళ కిందటి కొరియా తీర్పుతో దీనిని పోల్చండి. అక్కడ జీవితకాలమనే ఒకే మెట్టు. ఇక్కడ తప్పుకు తగినన్ని మెట్లు.

తీగ తెగితే ఓటమేనా?

అదే 2020లో కరోనా కారణంగా ఎన్నో క్రీడలు ఇళ్ళలోని కంప్యూటర్ల మీదికి వచ్చాయి. మే నెలలో ఫార్ములా-ఈ రేసు డ్రైవర్ డేనియల్ ఆబ్ట్ ఆన్‌లైన్ పందెంలో తన బదులు మరొకరిచేత కారు నడిపించి పట్టుబడ్డాడు. 10,000 యూరోలు దాతృత్వానికి కట్టవలసి వచ్చింది. అంతేకాదు, అతని జట్టు అయిన ఆడి అతన్ని నిజమైన రేసుల నుంచి కూడా తప్పించింది. ఆటకోసం ఆడిన అబద్ధం అసలు ఉద్యోగానికే ముప్పు తెచ్చింది.

ఆగస్టులో చదరంగపు ఆన్‌లైన్ ఒలింపియాడ్ జరిగింది. చదరంగం వీడియో గేమ్ కాదనుకున్నా, సర్వర్ మీద ఆడినప్పుడు వచ్చే చిక్కులు రెండింటికీ ఒకటే. మన జట్టులో తెలుగువారు కోనేరు హంపి, ద్రోణవల్లి హారిక, పెంటేల హరికృష్ణ ఉన్నారు. సెమీఫైనల్లో పోలండ్ మీద నిర్ణాయకమైన టైబ్రేక్ ఆటను గెలిచినది హంపియే. అంతకుముందు క్వార్టర్ ఫైనల్లో ఆర్మేనియా ఆటగాడికి కనెక్షన్ తెగి ఓటమి పడింది. కనెక్షన్ బాధ్యత ఆటగాడిదేనన్న నియమం ప్రకారం ఆ దేశపు అప్పీలును తోసిపుచ్చారు. ఆర్మేనియా నిరసనగా తప్పుకున్నది. ఆగస్టు 30న రష్యాతో ఫైనల్లో మన ఆటగాళ్ళు నిహాల్ సరీన్, దివ్యా దేశ్‌ముఖ్‌లకు ఇదే గతి పట్టింది. అయితే ఆ సమయంలో ఇంటర్నెట్ సేవే ప్రపంచంలో పలుచోట్ల స్తంభించినట్లు తేలింది. అప్పీలు తరువాత ఫిడే అధ్యక్షుడు ఉభయ దేశాలనూ విజేతలుగా ప్రకటించాడు.

ఈ రెండు తీర్పులూ న్యాయమైనవేనా? లోపం ఆటగాడి ఇంట్లో ఉంటే అతనిది, అందరికీ వస్తే ఎవరిదీ కాదు అన్న తర్కం వీటి వెనుక ఉంది. ఆర్మేనియా ఆటగాడి వైపు నుంచి కూడా ఒకసారి ఆలోచించి చూడండి. మనకు లాభించిన తీర్పును ప్రశ్నించగలిగినప్పుడే న్యాయం గురించి మాట్లాడే అర్హత వస్తుంది.

చట్టం ప్రవేశించింది

మన దేశంలో ప్రభుత్వం ఈ రంగాన్ని మొదట పందెపు కోణం నుంచి చూసింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ తమ చట్టాలను సవరించి నిషేధించాయి. 2022 డిసెంబరులో కేంద్రం ఈ-స్పోర్ట్స్‌ను బహుళ క్రీడోత్సవాలలో భాగంగా క్రీడా మంత్రిత్వశాఖ కిందికి తెచ్చింది. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఈ రెండు దారులనూ కలిపింది. డబ్బు పందెపు ఆటలు నడిపేవారికి మూడేళ్ళవరకు జైలు, కోటి రూపాయలవరకు జరిమానా విధించవచ్చునని అది చెబుతున్నది. ఈ-స్పోర్ట్స్‌ను వేరుగా గుర్తిస్తూ, ముందే నిర్ణయించిన నియమాల ప్రకారం, పందెం లేకుండా, నైపుణ్యంతోనే గెలుపోటములు తేలే పోటీగా నిర్వచించింది. 'ముందే నిర్ణయించిన నియమాలు' అన్న మాటను గమనించండి. నియమాలుంటేనే అది క్రీడ అని మన చట్టమే అంటున్నది.

ముగింపు

ఒక మాట, ఒక యంత్రం, ఒక సంస్థ, ఒక చట్టం: తీర్పు చెప్పే అధికారం యాభై ఏళ్ళలో ఇలా చేతులు మారింది. ఈ ప్రయాణంలో మంచి నియమానికి నాలుగు లక్షణాలు తేలాయి. అది ఆటకు ముందే రాసి ఉండాలి. సాక్ష్యం మీద నిలవాలి. శిక్ష తప్పుకు తగినట్లుండాలి. మొర వినే చోటు ఒకటి ఉండాలి.

రేపు మీ కళాశాల ఉత్సవంలో ఇటువంటి పోటీ జరిగితే పేరు ఇచ్చేముందు నియమాల కాగితం అడిగి తీసుకోండి. కనెక్షన్ తెగితే ఏమవుతుంది, అనుమానం వస్తే ఎవరు విచారిస్తారు, అప్పీలు ఎవరికి చేసుకోవాలి అన్నవి అందులో ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే రాయించండి. ఆ కాగితం మిమ్మల్ని మోసగాడి నుంచి కాపాడుతుంది. తప్పుడు ఆరోపణ వచ్చిననాడు మిమ్మల్ని కాపాడేదీ అదే.

ఆలోచించండి
1. పదిహేడేళ్ళ వయసులో చేసిన తప్పుకు జీవితకాల నిషేధం తగినదేనా? మీ కారణాలు రాయండి.
2. జట్టులో ఒకరు మోసం చేస్తే జట్టంతటినీ పోటీ నుంచి తొలగించడం న్యాయమా? ప్రత్యర్థి జట్టు వైపు నుంచి కూడా చర్చించండి.