షామ్‌బర్గ్ నుంచి టేలర్ స్ట్రీట్ దాకా: వలస వచ్చినోళ్లు కట్టిన చర్చిలు, మిగిల్చిన రుచులు

దుబాయ్, దోహా, కువైట్‌లలో డ్యూటీ దిగి రూముకొచ్చి మన ఎపిసోడ్ వినే అన్నలు, తమ్ముళ్లు, అక్కచెల్లెళ్లు చాలామంది "ఆ చర్చిల ముచ్చట రాసి పెట్టు" అన్నారు. అందుకే ఇది.

నేనుండే షామ్‌బర్గ్ చికాగోకి సుమారు 30 మైళ్ల దూరం. ఈ పేరు అమెరికాది కాదు, జర్మనీలోని షామ్‌బర్గ్-లిప్పె ప్రాంతం నుంచి వచ్చిన రైతులు వెంట తెచ్చుకున్నది. 1850లో ఏం పేరు పెడదామని మీటింగ్ జరిగితే, నెర్గె అనే రైతు బల్ల గుద్ది మరీ మా సొంతూరి పేరే ఉండాలన్నాడని ఇక్కడ చెప్పుకుంటారు. వాళ్ల సెయింట్ పీటర్ లూథరన్ సంఘం 1847లో మొదలైంది. 1863లో కట్టిన చర్చి షామ్‌బర్గ్ రోడ్డు మీద ఇప్పటికీ నిలబడి ఉంది. ఈ ఊరు అధికారికంగా విలేజ్‌గా నమోదైంది 1956లో, అప్పుడు జనాభా 130 మంది. అంటే విలేజ్ కంటే చర్చి 93 ఏళ్లు పెద్దది! అందరికీ తెలిసిన వుడ్‌ఫీల్డ్ మాల్ వచ్చింది 1971లో.

మా ఆవిడకి ఎప్పటినుంచో ఇటలీ వెళ్లి పాత చర్చిలు చూడాలని, అక్కడి తిండి తినాలని కోరిక. టికెట్ల డబ్బు కూడేదాకా ఇటలీ నుంచి వచ్చినోళ్ల పేటనైనా చూద్దామని, ఒక ఆదివారం సెయింట్ పీటర్ చూసుకుని అక్కణ్నుంచి చికాగోలోని టేలర్ స్ట్రీట్‌కి పోయాం.

ముందు దగ్గర్లోనే రూజ్‌వెల్ట్ రోడ్డు మీదున్న హోలీ ఫ్యామిలీ చర్చి. ఫాదర్ డామెన్ అనే జెస్యూట్ ఆధ్వర్యంలో ఐరిష్ వలసదారుల కోసం కట్టి, 1860లో ప్రతిష్ఠించారు. 1871 అక్టోబరులో చికాగోని తగలబెట్టిన మహా అగ్నిప్రమాదం ఈ చుట్టుపక్కలే పుట్టింది. సుమారు 300 మంది చనిపోయారు, లక్ష మందికి ఇల్లు లేకుండా పోయింది. గాలి మంటల్ని వేరే దిక్కుకి తోలడంతో చర్చి బతికింది. చర్చి మిగిలితే ఏడు దీపాలు వెలిగిస్తానని డామెన్ మొక్కుకున్నాడట. ఆ ఏడు దీపాలు ఇప్పుడు కరెంటు బల్బులై వెలుగుతున్నాయి. 1990లో కూల్చేసే పరిస్థితి వస్తే, జనం పది లక్షల డాలర్లు చందాలు పోగేసి నిలబెట్టుకున్నారు.

తర్వాత ఇటాలియన్ల అవర్ లేడీ ఆఫ్ పాంపే. దీని కట్టడం 1920లలోది. ఇక మేం చూడలేని చర్చి ఇంకోటుంది, హోలీ గార్డియన్ ఏంజెల్. ఈ పేట ఇటాలియన్లకి మొదటి గుడి అదే. హైవే కోసం 1950ల చివర్లో పడగొట్టారు. కొత్తది కట్టుకున్నారు. కొన్నేళ్లకే యూనివర్సిటీ కోసం దాన్నీ పడగొట్టారు. ఫ్లోరెన్స్ స్కాలా అనే ఇటాలియన్ టైలర్ కూతురు ఆడవాళ్లని వెంటేసుకుని సిటీ హాల్లో బైఠాయించింది, సుప్రీంకోర్టు దాకా కొట్లాడింది. 1962లో ఆమె ఇంటి మీద బాంబు కూడా వేశారు. చివరికి కేసు ఓడిపోయారు. 1965లో క్యాంపస్ తెరిచారు. నేను సైటు పని చేసేవాణ్ని. కొత్త బిల్డింగు లేస్తుంటే సంతోషమే. కానీ పునాది తవ్వేచోట ఎవరి వాకిలి ఉండేదో మాకిచ్చే డ్రాయింగుల్లో ఉండదు.

పేట చాలావరకు పోయినా రుచి మాత్రం పోలేదు. ఇక్కడి ఇటాలియన్ బీఫ్ పేదోళ్ల తిండి. గట్టి మాంసాన్ని గంటలకొద్దీ ఉడికించి, పల్చగా కోసి, పెళ్లిలో పదిమందికీ సరిపెట్టేవాళ్లు. 1938లో మొదలైన ఆల్స్ అనే కొట్టు ఇంకా నడుస్తోంది. మేం బీఫ్ తినం కాబట్టి గుడ్డు, క్యాప్సికం పెట్టిన శాండ్‌విచ్ తీసుకున్నాం. మాంసం ముట్టని లెంట్ శుక్రవారాల్లో కాథలిక్కులు తినేది అదే. పక్కన జార్డినేరా ఇచ్చారు. కూరగాయ ముక్కలు, మిరపకాయలు నూనెలో ఊరేసింది. మా ఆవిడ ఒక ముక్క నోట్లో వేసుకుని, "ఇది మన ఊరగాయకి పెదనాన్న కూతురే" అంది. చివర్లో 1954 నుంచి ఉన్న మారియోస్‌లో నిమ్మకాయ ఐసు.

మన దగ్గరా ఇలాంటి చరిత్ర ఉంది. మెదక్ చర్చిని 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. కరువు రోజుల్లో పోస్నెట్ దొర కూలీలకు పని చూపించి తిండి పెట్టి కట్టించాడు. నేల మీది రంగు పలకలు పరిచింది ఇటలీ నుంచి వచ్చిన మేస్త్రీలని చెబుతారు. అంటే ఇటలీ పనివాడు బతుకుతెరువుకి చికాగోకీ వచ్చాడు, మెదక్‌కీ వచ్చాడు. చికాగో చుట్టుపక్కల మనవాళ్లదీ అదే దారి. లెమాంట్‌లో రాముడి గుడి, అరోరాలో బాలాజీ గుడి రెండూ 1986లోనే తెరిచారు.

కట్టించినోళ్ల పేర్లు రాతి పలకల మీద ఉంటాయి. కట్టినోళ్ల పేర్లు మాత్రం ఎక్కడా కనబడవు. అందుకే ఒక మాట చెప్తాను. మీరు పనిచేసిన ప్రతి సైటు పేరు, ఊరు, సంవత్సరం, మీరు చేసిన పని ఒక నోటుబుక్కులో రాసుకోండి. పిల్లలకి ఆ బుక్కు చూపించండి. టవర్ ఫోటో ఎవరి దగ్గరైనా దొరుకుతుంది, దాని పన్నెండో అంతస్తు స్లాబ్ ఎవరు పోశారో మీరు రాస్తేనే తెలుస్తుంది.