నల్లజాతి స్వరం, తెలుగు దళిత కవిత్వం: ఒక చారిత్రక పరిశీలన

1959లో భారతదేశానికి వచ్చిన మార్టిన్ లూథర్ కింగ్‌ను తిరువనంతపురంలోని ఒక పాఠశాలలో అమెరికా నుండి వచ్చిన సాటి అంటరానివాడని పరిచయం చేశారు. మొదట నొచ్చుకున్నా, తరువాత ఆ మాట నిజమేనని గ్రహించానని 1965 జూలై 4న అట్లాంటాలోని ఎబెనేజరు సంఘంలో ఆయన ప్రసంగించారు. రెండు పీడిత సమాజాల చరిత్రలను కలిపి చదవడానికి ఈ సాక్ష్యాన్నే మేము ఆధారంగా తీసుకుంటున్నాము.

తెలుగు నేలపై అటువంటి పఠనానికి పునాది అంతకుముందే పడింది. క్రైస్తవ కుటుంబంలో పుట్టినా అంటరానితనాన్ని అనుభవించిన గుర్రం జాషువా 1941లో 'గబ్బిలం' వెలువరించారు. గుడిలోనికి ప్రవేశం లేని మనిషి అందులో తన మొరను గబ్బిలం ద్వారా కాశీలోని శివునికి పంపుతాడు. ఆయన 'క్రీస్తు చరిత్ర'కు 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. అలెక్స్ హేలీ 1976లో రచించిన 'రూట్స్'ను సహవాసి 'ఏడు తరాలు'గా తెలుగు చేయగా హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ప్రచురించింది. 1985లో కారంచేడు, 1991లో చుండూరు హత్యాకాండల తరువాత దళిత కవుల గొంతులు 1995లో 'చిక్కనవుతున్న పాట' సంకలనంలో ఒక్కచోట చేరాయి.

1998లో సైబర్ టవర్స్‌తో ఆరంభమైన హైటెక్ సిటీకి నేడు అమెరికాతో నిత్య సంబంధమున్నది. అక్కడ పౌరహక్కుల ఉద్యమాన్నీ నల్లజాతి కవులనూ స్మరించే సాయంకాల సభ జరిపితే, లాంగ్‌స్టన్ హ్యూస్ కవిత ప్రక్కన జాషువా పద్యమూ వినిపించాలని మా అభిప్రాయం. దూరదేశపు పోరాటానికి చప్పట్లు కొట్టడం సులభం. కారంచేడును జ్ఞాపకం చేసుకోవడం కష్టం. సంఘం ఆ కష్టమైన పనికే పిలువబడింది.