కంచె దాటకముందే

1974 అక్టోబర్ 3. అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రం, మెంఫిస్ నగరం. రాత్రి పదిన్నర దాటింది. ఒక ఇంట్లో దొంగలు పడ్డారన్న కబురుతో ఇద్దరు పోలీసులు వచ్చారు. వరండాలో నిలబడ్డ ఒకావిడ పక్కింటివైపు చెయ్యి చూపించి, అద్దం పగిలిన చప్పుడు విన్నానంది. ఒకతను వైర్‌లెస్‌లో ఆ సంగతి చెబుతుంటే, రెండో అతను, ఎల్టన్ హైమన్, ఆ పక్కింటి వెనక్కి వెళ్లాడు.

ధడాలున తలుపు చప్పుడు. పెరట్లో ఎవరో పరుగెత్తారు. పెరటి చివర ఆరడుగుల ఇనప వల కంచె. పరుగెత్తినవాడు దాని మొదట్లో ఒదిగి కూర్చున్నాడు. టార్చి వెలుతురు సూటిగా అతని మీద పడింది. మొహం కనిపించింది. చేతులు కనిపించాయి. ఆయుధం జాడ మాత్రం లేదు. పదిహేడో పద్దెనిమిదో ఏళ్లుంటాయనుకున్నాడు హైమన్. నిజానికి పదిహేనే. ఎనిమిదో తరగతి చదువుతున్న ఆ బక్కపల్చటి పిల్లవాడు ఎడ్వర్డ్ గార్నర్.

"పోలీస్! ఆగు!" అంటూ హైమన్ నాలుగడుగులు ముందుకేశాడు. పిల్లవాడు కంచె ఎక్కబోయాడు. అవతలికి దూకితే ఇక దొరకడు. ఆ ఒక్క లెక్కతో హైమన్ తుపాకీ పేల్చాడు. గుండు తల వెనక తగిలింది. ఆస్పత్రిలో ఆపరేషన్ బల్ల మీదే ప్రాణం పోయింది. పిల్లవాడి దగ్గర దొరికినవి ఆ ఇంట్లో తీసిన ఒక పర్సు, 10 డాలర్లు.

పోలీసు శాఖ సమీక్షా బోర్డు చూసింది. గ్రాండ్ జ్యూరీ చూసింది. ఎవరూ ఏ చర్యా తీసుకోలేదు. పారిపోయే నిందితుణ్ని పట్టుకోవడానికి అవసరమైన పద్ధతులన్నీ వాడొచ్చని అప్పటి టెన్నెసీ చట్టంలోనే ఉంది మరి.

తండ్రి ఫెడరల్ కోర్టుకెక్కాడు. కుర్రాడి దగ్గర ఆయుధం లేదనే అనుకున్నానని హైమన్ దాచకుండా చెప్పాడు. ఈ కేసులో నన్ను ఎక్కువగా కదిలించేది ఆ మాటే. ప్రాణభయంతో కాల్చానని అతను అని ఉంటే విచారణంతా ఆ భయం చుట్టూనే తిరిగేది. అతను నిజం చెప్పాడు కాబట్టి చట్టమే బోనెక్కింది. ఉత్త చేతులతో పారిపోతున్నవాణ్ని, పారిపోతున్నాడనే కారణంతో చంపొచ్చా?

మొదటి కోర్టు తండ్రికి వ్యతిరేకంగా తీర్పిచ్చింది. అప్పీళ్ల కోర్టు దాన్ని తిరగరాసింది. 1985 మార్చి 27న సుప్రీంకోర్టు 6-3 మెజారిటీతో తండ్రి పక్షాన నిలిచింది. పెద్ద నేరాలన్నిటికీ దాదాపు ఉరే శిక్షగా ఉన్న పాత ఇంగ్లండులో పుట్టిన, పారిపోయేవాణ్ని చంపైనా ఆపొచ్చన్న సూత్రం ఈ కాలానికి చెల్లదని జస్టిస్ బైరన్ వైట్ రాశారు. పారిపోయేవాడి వల్ల పోలీసుకో, ఇతరులకో ప్రాణహాని గానీ తీవ్రమైన గాయం గానీ జరిగే గట్టి ముప్పు ఉందని నమ్మడానికి తగిన కారణం ఉంటేనే కాల్చాలి, వీలైతే ముందు హెచ్చరించాలి. రాత్రిపూట ఇళ్లలో చొరబడటం మామూలు నేరం కాదని జస్టిస్ ఓకానర్ విభేదించారు. ఆ మాటను నేను తీసిపారేయను. కానీ కంచె ఎక్కుతున్న ఆ పిల్లవాడి వల్ల ఆ క్షణాన ఎవరి ప్రాణానికి ముప్పు?

హైమన్ మీద బాధ్యత పడలేదు. అప్పటి చట్టాన్ని నమ్మి చేశాడని కింది కోర్టులు వదిలేశాయి. నగరానికి బాధ్యత ఉందో లేదో తేల్చమని సుప్రీంకోర్టు కేసును వెనక్కి పంపింది. బాధ్యత మెంఫిస్ నగరానిదేనని అప్పీళ్ల కోర్టు ఖాయం చేసేసరికి 1993 వచ్చింది.