ఇంకాల చరిత్ర: ఎవరు చెప్పారు, ఎవరి కోసం రాశారు?

1572లో పెరూలోని కుస్కో నగరంలో ఒక అరుదైన గ్రంథ పఠనం జరిగింది. స్పెయిన్ వైస్రాయ్ ఫ్రాన్సిస్కో డి టొలేడో ఆదేశంపై పెడ్రో సార్మియెంటో రచించిన ఇంకాల చరిత్రను, ఇంకా రాజవంశీకులు నలభై మందికి పైగా కూర్చుని ఉండగా చదివి వినిపించారు. అందులోనిది నిజమేనని వారిచేత ధ్రువీకరింపజేశారు. పైకి చూస్తే ఇంతకు మించిన ఆధారం ఉండదనిపిస్తుంది. కానీ ఆ గ్రంథ లక్ష్యం ముందే ఖరారైంది. ఇంకాలు ఆ నేలకు సహజ ప్రభువులు కారని, బలప్రయోగంతో ఇటీవలే గద్దెనెక్కిన నిరంకుశులని నిరూపించాలి. అప్పుడు స్పెయిన్ ఆక్రమణకు న్యాయబద్ధత సమకూరుతుంది. అదే ఏడాది సెప్టెంబరులో చివరి ఇంకా పాలకుడు టుపాక్ అమారుకు ఆ నగరంలోనే శిరచ్ఛేదం జరిగింది. అటువంటి కాలంలో సాక్షులు పలికిన అంగీకారానికి ఎంత విలువ కట్టాలి?

ఇంకాలకు అక్షర లిపి లేదు. లెక్కలను, జ్ఞాపకాలను క్విపు అనే ముడుల దారాలలో భద్రపరిచేవారు. కనుక వారి గురించిన రాతలన్నీ 1532 నాటి దండయాత్ర తరువాతివే. ప్రతి రచయితకూ ఒక పక్షం ఉంది. హువాన్ డి బెటాన్జోస్ భార్య అంతకుముందు ఇంకా చక్రవర్తి అటహువాల్పా భార్య. 1550లలో ఆయన రాసిన చరిత్రకు ఆమె బంధువర్గపు కథనమే ప్రాణం. గార్సిలాసో డి లా వేగా తల్లి ఇంకా రాజకుటుంబీకురాలు. 1560లో కుస్కో విడిచి స్పెయిన్ చేరిన ఆయన, దాదాపు అర్ధశతాబ్దం తరువాత 1609లో ప్రచురించిన గ్రంథంలో తల్లి వంశపు రాజ్యాన్ని ధర్మరాజ్యంగా చిత్రించాడు. గువామన్ పోమా దాదాపు 1200 పుటల్లో, 400కు చేరువైన బొమ్మలతో స్పెయిన్ రాజుకు వలస పాలనలోని అక్రమాలను విన్నవించాడు. ఆ రాతప్రతి 1908లో గానీ కోపెన్‌హాగన్ గ్రంథాలయంలో వెలుగు చూడలేదు.

పక్షపాతం ఉన్నదని ఈ గ్రంథాలను పక్కన పడేయలేం. అవి లేకుంటే రాజుల పేర్లు సైతం మిగలవు. అయితే వాటిని యథాతథంగా స్వీకరిస్తే ఏమవుతుందో కాలనిర్ణయమే చెబుతుంది. పచకూటి 1438లో రాజ్యానికి వచ్చాడన్న లెక్కకు మూలం 1586 నాటి ఒక స్పానిష్ రచన. 1945లో జాన్ రో దానిని సమర్థించాక పాఠ్యపుస్తకాలన్నీ అనుసరించాయి. మచు పిచ్చులో లభించిన అస్థికలపై రేడియోకార్బన్ పరీక్షల ఫలితాలు 2021లో వెలువడ్డాయి. ఆ పట్టణంలో 1420 ప్రాంతంనాటికే జనం నివసించారని అవి సూచించాయి. పచకూటి కట్టించాడని చెప్పే ఊరు ఆయన పట్టాభిషేకానికి ముందే ఉన్నట్లయితే, తప్పు రాళ్లది కాదు, రాతలది.

క్విపుల్లోని దశాంశ లెక్కలను 1912లోనే లేలండ్ లాక్ వివరించాడు. వాటిలో కథనాలు కూడా ఉన్నాయా అన్న ప్రశ్నకు మాత్రం సమాధానం దొరకలేదు. అది దొరికేవరకూ ఇంకాల గతానికి వాంగ్మూలం ఇస్తున్నది వారిని ఓడించినవారు, ఆ ఓటమితో రాజీపడి బతకవలసి వచ్చినవారి సంతానమే.