వీసీ పేషీలో ఓఎస్డీ చేసే పనేంటి? సంతకం ఎవరిది?

యూనివర్సిటీలో వైస్ ఛాన్సలర్‌ను కలవాలంటే ముందు దాటాల్సింది ఓఎస్డీ గది. ఓఎస్డీ అంటే ఆఫీసర్ ఆన్ స్పెషల్ డ్యూటీ. ఉస్మానియాలో ఈ బాధ్యతను ప్రొఫెసర్లకు అప్పగిస్తుంటారు. అపాయింట్‌మెంట్లు చూడటం, ఫైళ్లు పరిశీలించి వీసీ ముందు పెట్టడం, వీసీ చెప్పింది విభాగాలకు చేరవేయడం.. రోజంతా ఇదే పని. ధర్నా జరిగితే విద్యార్థులతో మాట్లాడేందుకు ముందు వచ్చేదీ చాలాసార్లు ఓఎస్డీయే. పలుకుబడి ఎక్కువే గానీ, ఉత్తర్వులు మాత్రం సాధారణంగా రిజిస్ట్రార్ సంతకంతోనే వస్తాయి. ఓఎస్డీ సరేనన్నంత మాత్రాన ఆర్డర్ వచ్చినట్లు కాదు. కాబట్టి పేషీలో దరఖాస్తు ఇస్తే ఇన్‌వర్డ్ నంబర్ అడిగి తీసుకోండి. ఫైల్ ఎక్కడ ఆగిందో తెలియకపోతే సమాచార హక్కు చట్టం-2005 కింద అడగొచ్చు. 30 రోజుల్లోగా సమాధానం ఇవ్వాలి.